ఆవకాయ గోడ

గోడలు అందరూ తుడుస్తారు. తుడవడం వచ్చినవాళ్ళు తక్కువ. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులపాలి. తరవాత గోరువెచ్చటి కుంకుడురసం. అదీ కిందనించి పైకి తుడవాలి. పైనించి కిందికి తుడిస్తే మురికినీళ్ళు చారలు కడతాయి, ఆ చారలు ఇక జన్మలో పోవు. ముక్తేశ్వరంలో ఈ సంగతి హన్నాకి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు.

మొండి మరకైతే కుంకుడురసం ఒక్కటీ చాలదు. ఆ మరక చేసినవాళ్ళు దగ్గర నిలబడి "నాదే" అనాలి. అంటే వదులుతుంది. అందుకే ఏ ఇంట్లో శుభకార్యమైనా వారం ముందు ఇంటిల్లిపాదినీ గోడల దగ్గర నిలబెడతారు. తలనూనె మరక నాదేనండి, స్విచ్చి దగ్గర పసుపు చెయ్యి నాదేనండి, అని ఎవరిది వాళ్ళు చెప్పుకుంటారు. ఇంటి యజమానిని మాత్రం అడగరు. అది మర్యాద కాదు. ఆయన మరక మీద కేలండరు తగిలిస్తారు.

సూరమ్మగారి భోజనాల గదిలో ఆవకాయ మరక పడి పన్నెండేళ్ళయింది. కొత్తావకాయ మూడోరోజు తిరగకలిపేదాకా జాడీ మూత ఎవరూ తియ్యకూడదు. ఆ ఏడు రెండోరోజు మధ్యాహ్నమే జాడీ పగిలింది. నూనె ఎగిరి గోడకి కొట్టింది. ఆ పూట ఇంట్లో బయటి మనిషి హన్నా ఒక్కతే.

"నాదే అను," అంది సూరమ్మ.

"నాది కాదండీ అమ్మగారూ."

సూరమ్మ భర్త శ్రీరామచంద్రమూర్తి మేస్టారు హన్నాని పక్కకి పిలిచేరు. "ఒక్కసారి అనెయ్యి హన్నమ్మా. మీ అమ్మగారి కోపం నీకు తెలియంది కాదు. తరవాత నేను చెప్పుకుంటాను కదా."

ఆ ఇంట్లో హన్నాని అమ్మా అని పిలిచింది ఆయనొక్కరే. ఆ పిలుపుని నమ్మి అంది. "నాదేనండి."

మరక కదల్లేదు.

"చూసేరా! మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటంటోంది. గోడకి తెలీదా?" అంది సూరమ్మ. మేస్టారు పేపరు విప్పుకున్నారు. తరవాత కూడా ఏమీ చెప్పలేదు.

గోడ చెప్పింది ఒకటి, ఊరు విన్నది ఒకటి. అబద్ధాల మనిషని మరి ఏ ఇంటివాళ్ళూ హన్నాని పిలవలేదు. అప్పట్నించీ రోజూ రేవులో పంటు పడవెక్కి గోదారి దాటి, బస్సులో రామచంద్రపురం పోయి ఓ కల్యాణమండపం ఊడుస్తోంది. రేవులో సూరమ్మ కనబడితే మొహం తిప్పుకునేది. మేస్టారు కనబడి "బాగున్నావా హన్నమ్మా" అంటే మాత్రం "ఆయ్, మీ దయండి" అనేది.

ఇప్పుడు సూరమ్మ మనవరాలు జ్యోతిర్మయికి ఓణీల ఫంక్షన్. ఆ గోడకి ఇప్పటికి మూడుసార్లు పెయింటు వేయించేరు. మూడుసార్లూ మరక పైకి తేలింది. అమలాపురం నించి మిషనుతో వచ్చినవాళ్ళు పక్కనున్న పెయింటు ఊడగొట్టి పోయేరు. చివరికి సూరమ్మ పక్కింటి లక్ష్మీదుర్గని హన్నా దగ్గరికి పంపింది.

"కూలికి రాను," అంది హన్నా. "నా పేరు కడుక్కోడానికైతే వస్తాను. మరక ఎవరిదో తేలితే మీరంతా వినాలి."

వచ్చింది. మరక కనబడకుండా తగిలించిన కేలండరు తీసి బల్లమీద పెట్టింది. గోరువెచ్చటి నీళ్ళలో వంటసోడా కలిపి తడి చేసి, మూడు పూతలూ మెల్లిగా గీకింది. అడుగున మరక మీద తెల్లగా పొడి కనబడింది. వేలితో తీసి నలిపి చూసింది. సుద్ద.

చెయ్యి ఆగిపోయింది.

ఒకప్పుడు మేస్టారి చొక్కా జేబుకి నూనె అంటితే, "సుద్దపొడి అద్దండి, పీల్చేసుద్ది" అని చెప్పింది తనే. ఇంకెవరికీ చెప్పలేదు. పనిలో కిటుకులు ఊరికే పంచిపెట్టే మనిషి కాదు. పైగా ఆ సుద్ద పైనించి కిందికి రాసి ఉంది. తుడవడం రాని చెయ్యి.

"మేస్టారండీ, ఓసారిలా రండి."

"ఆయన్నెందుకే? మర్యాదుందా నీకు?" అంది సూరమ్మ. "డాక్టరు వద్దన్నాక ఆయన ఆవకాయ మొహం చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా!"

"ఆయ్, అందుకేనండి."

లక్ష్మీదుర్గ గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయింది. మేస్టారు లేచొచ్చేరు.

"హన్నమ్మా..."

"అమ్మా అనకండి. ఆ పిలుపుతోనే ఇంతకాలం గోదారి దాటించేరు. అనెయ్యమని నాకు చెప్పేరు కదండీ. ఇప్పుడు మీరనండి."

ఆయన సూరమ్మ వంక చూసేరు. గోడ వంక చూసేరు. హాజరు పలికే పిల్లాడిలా, "నాదే," అన్నారు.

మరక పాలమీద మీగడలా ముడుచుకుని కింద పడింది.

"ఎందుకండీ?" అంది సూరమ్మ.

"వేడన్నంలో... రెండు ముద్దలు."

సూరమ్మ కుర్చీలో కూలబడింది. తలెత్తి చూస్తే, మరక పోయిన చోట అరచేతంత మేర గోడ ధగధగా మెరుస్తోంది. దాని పక్కన మిగతా గోడంతా నల్లబడి కనిపిస్తోంది.

"హన్నా, మిగతాది కూడా తుడిచెయ్యవే. లేకపోతే వచ్చినవాళ్ళందరూ ఇదేవిటని అడుగుతారు."

"అడగనీండి. చెప్పేవారు ఇంట్లోనే ఉన్నారు కదండీ."

గుడ్డ పిండుకుంది. కేలండరు మేకు పీకి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న పంటు హన్నా లేకుండా కదిలింది. ఆ వేళకి ఆమె లక్ష్మీదుర్గ ఇంట్లో కుంకుడుకాయలు నానబోస్తోంది. వీధిలో ఇంకో రెండిళ్ళవాళ్ళు గుమ్మంలో కాసుకుని ఉన్నారు.

ఫంక్షన్ రోజు భోజనాల గదిలో మేస్టారి కుర్చీ ఆ తెల్లమచ్చ కిందే వేసి ఉంది. వేయించింది సూరమ్మ. చేతులు కడుక్కుని వచ్చినవాళ్ళందరూ గోడకేసి చూసి, "ఇదేవిటండీ మేస్టారూ?" అని ఒకరి తరవాత ఒకరు అడుగుతున్నారు. సూరమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి, ఆయన జవాబు చెప్పేదాకా ఎవరి విస్తట్లోనూ నెయ్యి వెయ్యలేదు.