శుక్రవారం కైమా ఉండల సూప్

మా నాన్న ఒట్టావియో పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి ఆయన ముద్ద ముట్టలేదు. రొట్టె పెడితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాలిస్తే మంచం పక్కనున్న పూలకుండీలో పోశాడు. ఆ మొక్క బలిసింది, ఈయన చిక్కిపోయాడు.

పొద్దున నర్సు వచ్చి ఆయన్ను తూచింది. తర్వాత నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. ఇవాళ కడుపులోకి ఏదో ఒకటి పోకపోతే రేపు ఆంబులెన్స్ వస్తుందట, పొట్టకు చిల్లు పెట్టి గొట్టం వేస్తారట. మా అమ్మ అలాంటి గొట్టంతోనే ఆస్పత్రి మంచం మీద పోయింది. అందుకే ఇంటికొచ్చిన రోజున నాన్న నా చెయ్యి పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, "నన్ను మళ్ళీ అక్కడికి పంపకే, ఇమ్మా" అన్నాడు. పంపనని మాటిచ్చాను. మాటివ్వడానికేం, నోరుంటే చాలు.

నర్సు వెళ్ళాక గదిలోకి వెళ్తే ఆయనే నోరు విప్పాడు.

"మీ అమ్మ చేసేదే, చిన్న చిన్న కైమా ఉండల సూప్. అది తాగాలనుంది."

నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. కోటు తొడుక్కున్నానో లేదో కూడా గుర్తులేదు, మార్చి చలిలో మాంసం కొట్టుకు పరిగెత్తాను. పంది మాంసం, గొడ్డు మాంసం కలిపి కైమా కొట్టించాను. ఒక కోడిని కుండలో వేసి పొయ్యి మీద పెట్టాను. అది ఉడుకుతుండగా పాలలో నానిన రొట్టె ముక్కలు, గుడ్డు, వెల్లుల్లి, చీజ్ తురుము కైమాలో కలిపి ఉండలు చుట్టడం మొదలుపెట్టాను. రేగుపండు కన్నా పెద్దదైతే అమ్మ ఒప్పుకునేది కాదు. ఆయన గొంతులో అడ్డం పడకూడదని నేను ఇంకా చిన్నగా చుట్టాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. అయినా ఆ పూట నా అంత సంతోషంగా ఉన్న మనిషి మా యంగ్స్‌టౌన్ ఊరు మొత్తంలో ఇంకొకరు లేరు.

కోడి నీళ్ళలో ఉండలు ఉడికి, పైన వేసిన చేదు ఆకుకూర మెత్తబడి, ఇల్లంతా వాసన నిండాక మా తమ్ముడు ఎలియో పనిలోంచి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, ఇవాళ ఏం వారం?"

"ఏదైతే నీకెందుకురా? చేతులు కడుక్కో."

"శుక్రవారం. తపస్సుకాలం శుక్రవారం!"

ఈస్టర్ ముందు శుక్రవారాల్లో మా ఇళ్ళల్లో మాంసం ముట్టరు. మిగతా వాళ్ళ సంగతి వదిలెయ్యండి, అరుస్తారు, ఆకలేస్తే తింటారు. మా నాన్న అలా కాదు. ఉక్కు మిల్లులో కొలిమి పక్కన నిలబడి, తోటివాళ్ళు సాసేజీలు నములుతుంటే, మిరపకాయలూ గుడ్లూ పెట్టిన రొట్టె తిన్న మనిషి. కాళ్ళు చచ్చుబడి ఆయన మంచాన పడ్డాక వారాలన్నీ ఒకటైపోయి, నేనే మర్చిపోయాను.

సరిగ్గా అప్పుడే మా ఎర్సీలియా అత్త, నాన్న చెల్లెలు, వెనక తలుపు తోసుకుని వచ్చింది. చర్చి నుంచి వస్తోంది, చేతిలో జపమాల ఉంది. మూత తీసి చూసింది.

"ఓసి నీ మొహం మండా! ఇదేం పనే?"

"ఉండలు తీసేసి ఉత్త నీళ్ళే ఇద్దాం," అన్నాడు ఎలియో.

"ఆ నీళ్ళు దేనివిరా, చెరువులోవా? కోడి నీళ్ళు!"

"జబ్బు మనిషికి పట్టింపు లేదత్తా," అన్నాను.

"నాకు తెలీదా? వెళ్ళి ఆయనతో చెప్పు. వింటే తింటాడు."

"వింటాడా నీ అన్న? ఏనాడైనా ఒకరి మాట విన్నాడా?"

ఎలియో ఫాదర్‌కు ఫోన్ చేశాడు. అది మోగుతూనే ఉంది. శుక్రవారం కదా, అందరూ చర్చి కింది హాల్లో మాంసం బదులు చేపలు వేయిస్తూ ఉంటారు. ఫోనెవడు తీస్తాడు?

"గురువారమని చెప్తాను," అన్నాను.

అత్త తలుపుకు అడ్డం నిలబడింది. "చావుబతుకుల మధ్య ఉన్నవాణ్ణి మోసం చేస్తావా? జన్మంతా కాపాడుకున్నది నీ చేత్తో చెడగొడతావా?"

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఒక్క అబద్ధమాడి నాన్నను నిలబెట్టుకోకూడదా? రేపు ఆ గొట్టం వేస్తుంటే నువ్వు పక్కన నిలబడతావా? జరుగు!"

"అరవకండి ఇద్దరూ," అని ఎలియో మా ఇద్దరి కన్నా గట్టిగా అరిచాడు.

నేను గిన్నె నింపుకుని అత్తను భుజంతో నెట్టి మెట్లెక్కాను. గిన్నె కింది పళ్ళెంలోకి సూప్ తొణికింది. వెనకాల అత్త చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నాన్న దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గిన్నె ఒళ్ళో పెట్టాను. ఆయన దానికేసి చూశాడు, స్పూను ముట్టలేదు.

"ఇవాళ ఏం వారమే?"

"గురువారం నాన్నా."

"సిగ్గు లేదూ? కింద సంతలో బేరమాడుకున్నట్టు అరుచుకుని, పైకొచ్చి గురువారమంటావా? నాకు పోయింది కాళ్ళే, చెవులు కాదు."

అయిపోయింది అనుకున్నాను. గిన్నె తీసుకుపోదామని చెయ్యి చాచి, తీయలేకపోయాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అవును, శుక్రవారమే! మర్చిపోయాను. చంపుతావా? రేపు వాళ్ళు వస్తారు. నేను మాటిచ్చాను. నువ్వు తినకుండా ఆ మాటెలా నిలబెట్టుకోమంటావు? నీ పంతం నువ్వు గెలువు, పైకి పోయి అమ్మకు చెప్పుకో!" అని అరిచి, మంచం మీద కూలబడ్డాను. "నాకు భయంగా ఉంది నాన్నా."

గిన్నెలోంచి పొగ తగ్గుతోంది.

"నాకూ భయమేనే," అన్నాడు చివరికి. గోడ మీది సిలువ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "చిన్నప్పట్నుంచీ ఆయనంటే భయపడే శుక్రవారం ముట్టలేదు. ఇప్పుడు ఆయన కన్నా ఆ గొట్టమంటే భయం ఎక్కువైంది. ఆయనతో తర్వాత మాట్లాడుకుంటాలే. స్పూనియ్యి."

సిలువ గుర్తు వేసుకున్నాడు. ఒక ఉండ నోట్లోకి పోయింది. నమిలాడు, నమిలాడు, నమిలాడు. దగ్గొచ్చింది. గొంతు కదిలింది, ఉండ దిగింది. మళ్ళీ ముంచాడు.

"ఎర్సీలియా," అన్నాడు తలుపువైపు తిరక్కుండానే. "దొంగలా నిలబడతావేం? లోపలికి రా."

అత్త వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన స్పూన్లో ఒక ఉండ తీసి ఆమె ముందుకు చాచాడు.

"తిను."

"నాకేం జబ్బు అన్నయ్యా?"

"నేనొక్కణ్ణే నరకానికి పోతే అక్కడెవరితో పోట్లాడను? నోరు తెరువు."

అత్త జపమాలను జేబులో వేసుకుంది. చిన్నపిల్లలా కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. నమిలింది, మింగింది. కన్నీళ్ళు చెంపల మీదుగా జారిపోతుంటే తుడుచుకోలేదు.

"ఉప్పు చాల్లేదు," అంది.

నాన్న మిగిలినదంతా తిన్నాడు. అంచుకు అంటుకున్న ఆకు కూడా వదల్లేదు. ఖాళీ గిన్నె నా వైపు చాచాడు.

"ఇంకాస్త పొయ్యవే."