దండ ఎవరి ఫొటోకి

యూట్యూబ్‌లో ఆ వీడియో వచ్చిన దగ్గర్నుంచీ మా ఆయన్ని చూడ్డానికి జనం వస్తున్నారు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

ముప్పై ఏళ్ళ కిందట టీవీలో 'పై వాటావాళ్ళు' అని నవ్వుల సీరియల్ వచ్చేది. అందులో ఎప్పుడూ పోట్లాడుకునే తోడల్లుళ్ళుగా మా ఆయన ఖాదర్ వలి, నందిగామ వెంకటరత్నం గారు వేశారు. ఆ నటులంతా ఇప్పుడెక్కడున్నారో చెబుతూ నవీన్‌బాబు అనే ఆయన వీడియో చేశాడు. హీరోయిన్ టీచరుగా రిటైరైందన్నాడు, నిజమే. వెంకటరత్నం పోయారనీ, ఖాదర్ వలి జగ్గయ్యపేట పాత బస్టాండు వెనక విశ్రాంతి తీసుకుంటున్నారనీ కూడా అన్నాడు. అది తలకిందులు.

నిన్న గరికపాడు నుంచి ఒక లారీ డ్రైవరు స్వీట్ల డబ్బాతో వచ్చాడు.

"ఆయన పోయారు బాబూ," అన్నాను.

"అదేంటమ్మా, బాగున్నారని వీడియోలో చెప్పారుగా! పడుకున్నారా? లేచేదాకా కూర్చుంటాలెండి."

గంట కూర్చున్నాడు.

ఆయన పోయాకే మనవరాలు జాకియా పక్కన కూర్చుని చదవడం, రాయడం నేర్చుకున్నాను. వీడియో కింద కామెంట్లన్నీ కూడబలుక్కుని చదివాను. ఖాదర్ గారు నిండు నూరేళ్ళు బతకాలట. పోయిన మనిషి కోసం ఒక్క దువా లేదు.

ఇక లాభం లేదని నందిగామ బస్సెక్కాను. వెంకటరత్నం గారు సెంటర్లో, తనకి కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కిందే నిలబడి టీ తాగుతున్నారు.

"రా చెల్లెమ్మా! ఫొటో బాగా వచ్చింది కదూ?"

"అన్నయ్యా, బతికే ఉన్నానని వాళ్ళకి ఫోన్ చెయ్యండి."

"చేస్తాలే. ఓ పదిరోజులు పోనీ. ఎప్పుడూ పలకరించని పెద్దల్లుడు వచ్చి ఏడ్చాడు, తెలుసా!"

"మీకు సంబరంగానే ఉంది. వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి, రోజుకి పదిసార్లు ఆయన్ని నేను చంపుకుంటున్నా."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. వెంటనే ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు.

"నేనయ్యా, వెంకటరత్నాన్ని."

"ఆయన పోయారండీ," అన్నాడు నవీన్‌బాబు.

"ఆ పోయింది నేనే!"

"అయితే ఆధార్ పంపండి సార్, చూస్తాం."

ఫోన్ పెట్టేశాడు. వెంకటరత్నం గారి మొహం మాడిపోయింది.

"వాడితో మనకేంటమ్మా. ఇది విప్పించి ఇక్కడే ఖాదర్ ఫ్లెక్సీ కట్టిద్దాం. దాని కింద నేనే నిలబడి వీడియో తీసి పెడతా," అంటూ ఫ్లెక్సీ షాపుకి తీసుకెళ్ళారు.

షాపులో ఫ్లెక్సీలు వేసే కుర్రాడు వెంకట్, ఏం పేరు వెయ్యాలని అడిగితే కాగితం తీసుకుని నేనే రాసిచ్చాను. షేక్ ఖాదర్ వలి. కింద తేదీ. ఫొటో అంటే నా సంచిలో ఒక్కటే ఉంది. సీరియల్లోది. ఇద్దరూ ఒకరి కాలరు ఒకరు పట్టుకుని ఉన్నారు.

వెంకటరత్నం గారు దాన్ని చాలాసేపు చూశారు. "నన్ను కత్తిరించెయ్యవయ్యా," అన్నారు.

"వద్దు వెంకట్, ఇద్దర్నీ ఉంచు," అన్నాను. "దండ ఎవరికి వెయ్యాలో మాత్రం ఈయన్ని అడక్కు. నన్నడుగు."