తిన్నని కాళ్ల కమ్మరి దేవుడు

నేను ఒక కంచు బొమ్మను. ఎత్తు జానెడు. యవనులకు, అంటే గ్రీకులకు, కమ్మరి దేవుడొకడున్నాడు, పేరు హెఫైస్టోస్. నేను ఆయన రూపాన్ని. ఆ పేరుకి నోరు తిరగకపోతే దిగులు పడకండి. నన్ను అందరికంటే ఎక్కువ ప్రేమగా చూసుకున్న మనుషులు కూడా దాన్ని ఒక్కనాడూ సరిగ్గా పలకలేదు.

నన్ను చేసిన శిల్పి ఎక్కడో పడమటి సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నంలో ఉండేవాడు. మంచి పనివాడే, కాదనను. మైనంతో నన్ను మలిచి, చుట్టూ మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన చోట కంచు పోశాడు. అయితే మహానుభావుడు జన్మలో ఒక్కసారైనా కమ్మరి కొలిమి గుమ్మం తొక్కలేదు. మసి అంటుతుందని భయం. వీధి చివర కుస్తీలు పట్టే ఒక అందగాణ్ణి పిలిచి నిలబెట్టి, వాడి ఒళ్లు చూస్తూ నన్ను చేశాడు. అందుకే నాకు అంత వెడల్పు ఛాతీ, అంత తిన్నని కాళ్లు. అబ్బ, ఆ కాళ్లు! సంతలో నన్ను చూసిన వాళ్లంతా ముందు వాటినే మెచ్చుకునేవారు. నాకు గర్వం కాస్త ఎక్కువేనని ఇప్పుడే ఒప్పుకుంటున్నాను.

నన్ను కొన్నవాడు ఫిలోన్ అనే ఓడ వర్తకుడు. ఏటేటా గాలివాటు చూసుకుని మన తూర్పు తీరానికి వచ్చేవాడు. బట్టలూ మిరియాలూ సరే, అతని మనసంతా ఇక్కడి కొండల్లో తయారయ్యే ఇనుము మీద. ఇనుము ఇచ్చే కొండవాళ్లకు కమ్మరి దేవుణ్ణి మించిన కానుక ఏముంటుంది అనుకున్నాడు పాపం. దేవుణ్ణి అయినా సరే, పని తెలిసినవాళ్ల ముందు పెట్టేటప్పుడు ఆలోచించుకోవాలని అతనికి తట్టలేదు.

రేవులో దిగి, ఏరు పట్టుకుని మూడు రోజులు నడిచి, అడవి పసుపు పూసిన వాసనల మధ్య కొండెక్కాం. పైన ముప్పై గుడిసెలు, వాటి నడుమ మనిషి ఛాతీ ఎత్తున మట్టితో కట్టిన కొలిమి. ఆ జనానికి ఇనుపరాయి కరిగించడమే బతుకు. వాళ్లు ఆనాడు మాట్లాడిన భాష ఇప్పుడు లేదు. కాబట్టి ఇవాళ ఆ కొండల చుట్టూ వినిపించే మాటల్లోనే వాళ్ల మాటలు మీకు చెబుతాను.

ఫిలోన్ నన్ను గుడ్డ విప్పి ఒక బండ మీద నిలబెట్టాడు. "మా దేవుడు. కమ్మరి," అన్నాడు వచ్చీరాని భాషలో. జనం మూగారు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ముప్పై ఏళ్ల ఆడమనిషి ఒకామె ముందుకు వంగి నన్ను చూసి, ఫక్కున నవ్వింది.

"ఓలమ్మో! పట్టుకారు కుడిసేత, సుత్తి ఎడంసేత! ఇతగాడు ఇనుం కొడతాడా, ఈగల్ని తోల్తాడా?"

అంతే, ముప్పై గుడిసెల జనమూ పక్కలు పట్టుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఓడలో అన్ని నెలలు తుఫానులకు చెక్కుచెదరని నేను, ఒక్క మాటకి కుదేలయ్యాను.

ఆమె పేరు కొర్రి. పుట్టుకతోనే ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. నడిస్తే ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగి లేచేది. కానీ కొలిమి విషయంలో ఆ కొండ మీద ఆమెను మించినవాళ్లు లేరు. తిత్తుల చప్పుడు విని, మంట రంగు చూసి, లోపల రాయి ఇనుమైందో లేదో చెప్పేసేది. తొందరపడి కొలిమి తెరిస్తే రాయి రాయిగానే ఉంటుంది, ఆలస్యమైతే ఇనుము పెళుసెక్కి సుత్తి దెబ్బకు పగిలిపోతుంది. తెరవాల్సిన ఆ కాస్త సమయం పట్టుకోవడమే విద్య అంతా.

ఆ సమయం చెప్పే మనిషిని కొలిమి పెద్ద అనేవారు. అప్పుడు పెద్దగా ఉన్నవాడు దూమన్న, కొర్రికి మేనమామ. ఆ పదవి మేనమామ నుంచి మేనల్లుడికో మేనకోడలికో వస్తుంది. ఆడా మగా అన్న పట్టింపు లేదు. పట్టింపు ఒక్కటే. కొలిమి మూతి దగ్గర కూర్చునే మనిషికి ఏ అవకరమూ ఉండకూడదు. అవకరమున్న చేతిలో ఇనుము కూడా అవకరంగా పుడుతుందని వాళ్ల నమ్మకం.

ఇక్కడే ఉంది తమాషా. దూమన్నకు ఐదేళ్లుగా కళ్లు సరిగ్గా కనపడవు. జీవితమంతా మంటల్లోకి చూసి చూసి అవి పొగబారిపోయాయి. మరి కొలిమి ఎలా నడుస్తోందంటారా? కొర్రి ఆయన వెనక బొగ్గు అందిస్తున్నట్టు నిలబడి, సమయం రాగానే చిన్నగా దగ్గేది. ఆయన వెంటనే "తెరండ్రా!" అని గట్టిగా కేకేసేవాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరూ అనరు. కాలు వంకరైతే అవకరమట, కళ్లు పోతే పెద్దరికమట! మనుషుల లెక్కలు నాకు అప్పటికి కొత్త, అందుకే నోరెళ్లబెట్టాను.

దూమన్న ఇక కూర్చోలేనన్నాడు. వానలు వెనకబట్టాక వేసే మొదటి కొలిమి నాడు, తెరిచే ముందు, కొత్త పెద్ద పేరు చెప్పాలి. వరసకి ఉన్నది ఇద్దరే. కొర్రి, మరో మేనల్లుడు గాసన్న. గాసన్నకి కాళ్లూ చేతులూ దుక్కల్లా ఉన్నాయి, మనసు మాత్రం ఏట్లో చేపల మీద. "నాకొద్దు మావా, నాను సెడగొట్టేస్తాను," అని వాడే మొత్తుకుంటున్నాడు. అయినా కట్టుబాటు ప్రకారం వాడే పెద్ద. కొర్రి బతికినంతకాలం వాడి వెనక నిలబడి దగ్గుతూనే ఉండాలి. ఆమెకి అది ఎంత మంటగా ఉండేదో నాకు తెలుసు, ఎందుకంటే నన్ను పెట్టిన గూడు పక్కనే కూర్చుని ఆమె ఇనుపరాయి పగలగొట్టేది. ఒక్కో రాయిని ఆమె కొట్టే తీరు చూస్తే రాయి మీద జాలేసేది.

మొదటి కొలిమికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం అంబలి తాగి అందరూ నీడన చేరారు. "పిల్లన్నా, నీ దేవుడి కత సెప్పు," అన్నారు. ఫిలోన్ పేరు వాళ్ల నోట పిల్లన్న అయిపోయింది. అతను చేతులు తిప్పుతూ మొదలుపెట్టాడు.

"మా సముద్రాల వైపు కూడా కొండ కమ్మరులు చాలా. నల్లసముద్రం పక్క కొండల్లో ఖాలిబులు అని ఉన్నారు. మా భాషలో ఉక్కుకి వాళ్ల పేరే పేరు. ఇడా అని ఇంకో కొండ. అక్కడ కమ్మరుల పేరు 'వేళ్లు'. మనుషులకి ఇనుము చూపింది వాళ్లే అంటారు."

"ఏళ్లా?" అని అందరూ తమ వేళ్లు చూసుకున్నారు. కాలిన మచ్చలు లేని వేలు ఒక్కటీ లేదు. "సరిగ్గానే పెట్టినారు పేరు," అన్నాడు గాసన్న.

"మరి ఈ దేవుడు," అని ఫిలోన్ నన్ను చూపించాడు, "దేవతల కొడుకు. వాళ్లే ఆకాశం నుంచి విసిరేశారు. తల్లి అంటారు కొందరు, తండ్రి అంటారు కొందరు. పగలంతా పడుతూనే ఉన్నాడు. పొద్దు గూకేవేళకి ఒక దీవిలో పడ్డాడు. అక్కడి జనం ఎత్తుకుని, కట్లు కట్టి, బతికించారు."

"ఆల్లు మనలాటోల్లేనేటి?" అంది కొర్రి.

"ఆ. అలాంటివాళ్లే."

"అదీ!" అన్నారు అందరూ, తామే వెళ్లి ఎత్తుకొచ్చినంత సంతోషంగా.

కొర్రి ఊరుకోలేదు. "కన్నోల్లు ఎందుకు ఇసిరేసినారు?"

ఫిలోన్ నాలుక కరుచుకున్నాడు. ఆమె పాదం వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "కుంటివాడని," అన్నాడు మెల్లగా.

కొర్రి లేచి, ఒరుగుతూ వచ్చి, నన్ను చేతిలోకి తీసుకుంది. నా కాళ్లు అటూ ఇటూ తిప్పి చూసింది. జీవితంలో మొదటిసారి నా కాళ్లు చూసి నాకే సిగ్గేసింది.

"మరి ఇతగాడికి కాళ్లు తిన్నగా ఉన్నాయేటి?"

"శిల్పి అలా చేశాడు. కుంటి దేవుణ్ణి ఎవరు కొంటారమ్మా?"

ఆమె నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఏడుపైంది. "దేవుడికే తప్పనేదు, నానెంత!" అని నన్ను దూమన్న ఒళ్లో పడేసి వెళ్లిపోయింది. ఆ ముసలాయన చాలాసేపు బొటనవేళ్లతో నా కాళ్లు తడుముతూ కూర్చున్నాడు.

కొలిమి రోజు వచ్చింది. తెల్లవారకముందే నిప్పు వేశారు. ఇద్దరేసి మనుషులు వంతులు మార్చుకుంటూ తిత్తులు తొక్కారు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి మంట నీలం తిరిగింది. తెరవడానికి ఇంకా కాస్త పొద్దుంది. దూమన్న లేచి నిలబడ్డాడు. నేను ఆయన చేతిలోనే ఉన్నాను.

"పేరు సెప్పేముందు ఒక మాట," అన్నాడు. "నాకు కళ్లు అగుపడవు. ఐదేళ్లయింది."

తిత్తుల మీది నుంచి గాసన్న అన్నాడు: "తెలుసులే మావా."

"తెలుసా?"

"అందరికీ తెలుసు!" అని ఒక ముసలమ్మ. అంతే, ఆపుకున్న ఐదేళ్ల నవ్వు ఒక్కసారి బయటపడింది. దూమన్న కాసేపు బిక్కమొహం వేసి, తర్వాత తనూ కలిశాడు.

"సరే. అవకరమున్నోడు కూకోకూడదన్నారు. ఐదేళ్లు కూకున్నాను. ఇనుం సెడిందా?"

"నేదు!"

"సెడనీయంది ఎవులో మీకూ తెలుసు." ఆయన కొర్రి ఉన్న వైపు తిరిగి నన్ను చాచాడు. "పట్టమ్మీ. ముందు ఇతగాడి కాలు బాగుసెయ్యి. తిన్నగా సేసి సెడగొట్టినారు."

అప్పుడు జనంలో గుసగుస మొదలైంది. ఒకాయన అననే అన్నాడు: "ఇరిగిపోతే? దేవుడు ఇరిగితే, ఇంక కొర్రిని ఈ కొలిమి మూతి తాకనీయొద్దు!" అవునంటూ చాలా తలలు ఊగాయి. దూమన్న కూడా కాదనలేకపోయాడు. నాకు భయమేసింది. వీళ్లు ఇనుము మనుషులు. కంచు సంగతి వీళ్లకేం తెలుసు?

కొర్రి నన్ను చిన్న నిప్పుల కుంపటి దగ్గరికి తీసుకెళ్లింది. చేయి తొందరపడటం లేదు. ముందు నా మెడ వెనక వేలాడే చిన్న కంచు తొడిమను, పోత పోసినప్పుడు మిగిలినదాన్ని, విరిచి నిప్పుల్లో వేసింది. ఎర్రబడగానే తీసి కొట్టింది. పుటుక్కున విరిగింది. జనం ఉసూరుమన్నారు. విరిగిన ముక్కల్లో ఒకదాన్ని మళ్లీ ఎర్రబరిచి, ఈసారి నీళ్లలో ముంచింది. ఇనుమైతే అలా ముంచితే గట్టిపడుతుంది. ఆమె చల్లారిన ముక్కను పళ్ల మధ్య పెట్టి కొరికింది. వంగింది.

"ఓసి ఈ లోహం! ఇనుంకి అన్నీ ఎదురే!" అని కళ్లు మెరుస్తూ నవ్వింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. నన్ను చేసిన శిల్పికి కూడా నా స్వభావం అంత తొందరగా తెలిసి ఉండదు.

నా ఎడమ కాలు నిప్పుల్లోకి పోయింది. తర్వాత నీళ్లు. సర్రుమంది. ఆమె నన్ను బండ మీద పడుకోబెట్టి, కర్ర సుత్తితో ఒక దెబ్బ వేసింది. ఆగి, వేలితో తడిమింది. రెండో దెబ్బ. తన పాదం ముందుకు చాపి, నా పాదం పక్కన పెట్టి చూసుకుంది. మూడో దెబ్బ చాలా మెల్లగా వేసింది. విరగలేదు. నన్ను నిలబెట్టింది. నేను కొద్దిగా ఒక పక్కకు ఒరిగి, పడకుండా నిలబడ్డాను. చెబితే నమ్మరు గానీ, పుట్టిన ఇన్నేళ్లకు నా బరువు నా కాళ్ల మీదికి సరిగ్గా వచ్చింది.

"ఇప్పుడు కమ్మరోడు!" అని అరిచాడు గాసన్న, తనకి పదవి తప్పిందన్న ఆనందంతో. నేల దద్దరిల్లేలా అందరూ కేకలేశారు. కాదన్న పెద్దమనిషే అందరికంటే ముందు పక్కకు జరిగి కొర్రికి దారిచ్చాడు. ఆమె ఒరుగుతూ నడిచి వెళ్లి కొలిమి మూతి దగ్గర కూర్చుంది. మంట వైపు చూసింది, తిత్తుల చప్పుడు వింది. ఈసారి దగ్గలేదు. గొంతెత్తి, కొండ మారుమోగేలా, "తెరండ్రా!" అంది.

ఇనుము ముద్ద ఎలా వచ్చిందని అడగకండి. ఫిలోన్ ఓడలో అంత మంచి ఇనుము ఎప్పుడూ ఎక్కలేదు. అతను వెళ్లేటప్పుడు నన్ను చూసి తల గీరుకుని, కళ్లు ఒత్తుకుని వెళ్లాడు.

కొర్రి జుట్టు నెరిసేదాకా ఆ మూతి దగ్గరే కూర్చుంది. పక్క గూట్లో నేను. తర్వాత ఎంతమంది పెద్దలు మారారో, ఎప్పుడు అడవి ఊరిని కప్పేసిందో, ఎన్ని వానల మట్టి నా మీద పేరుకుందో లెక్క మరిచాను. ఈమధ్యే రోడ్డు వేస్తూ ఒక యంత్రం నన్ను బయటికి లాగింది. ఇప్పుడు ఒక మ్యూజియంలో ఉన్నాను. ఎండా వానా లేవు, పిల్లలు వచ్చి అద్దానికి ముక్కులు ఆనిస్తారు, హాయిగానే ఉంది.

పోయిన వారం అక్కడి అధికారి తవిటయ్య అనే మనిషిని పిలిపించారు. వాళ్ల తాతల కాలం నుంచీ కంచు పనేనట. "చాలా విలువైన బొమ్మండీ. ఎడమ కాలు దెబ్బతింది. తిన్నగా చేసి బాగుచేయగలరా?" అన్నారు అధికారి.

తవిటయ్య నన్ను వెలుగులోకి పట్టుకున్నాడు. బొటనవేలితో నా పాదం మీద మెల్లగా రాశాడు. ఒక చోట ఆగాడు, మళ్లీ ఇంకో చోట, మళ్లీ ఇంకో చోట. తర్వాత నన్ను జాగ్రత్తగా బల్ల మీద నిలబెట్టాడు.

"దీన్ని ఎవులో ముందే బాగుసేసేసినారు బాబూ," అన్నాడు.