వాగు అవతలి పుప్పొడి

తెల్ల మక్కజొన్న కంకిలో పసుపు గింజ కనిపిస్తే తప్పు ఆ కంకిది కాదు. దగ్గర్లో ఎవరో పసుపు మక్క వేసి ఉంటారు. గాలికి వచ్చిన పుప్పొడి పీచు మీద పడితే చాలు, ఆ పోగు కింది గింజ అదే పంటలో పసుపెక్కుతుంది. మక్కకు దాచడం చేతకాదు. ఈ సంగతి నాకు మా అమ్మ జనాబాయి నేర్పింది.

తెల్ల మక్క ఆమె పుట్టింటి నుంచి తెచ్చిన విత్తనం. పొట్టి కంకి, పాలరంగు గింజ. దాన్ని రవ్వ పట్టించి గటక వండితే పక్కింటి వాళ్లు గిన్నె పట్టుకొచ్చేవారు. మా ఊరు మర్ఖేల్‌లో అందరూ ప్యాకెట్ విత్తనానికి మారినా నేను మారలేదు. అమ్మ పోయే ముందు నాకు వాగు ఇవతలి ఎకరం, అన్న లింగన్నకు అవతలి రెండెకరాలు ఇచ్చింది. ఆమె ముందే మేం ఒక మాట అనుకున్నాం. అన్న పసుపు మక్క వేస్తే నాకంటే ఇరవై రోజులు వెనక వేయాలి, అప్పుడు రెండు చేలూ ఒకేసారి పూతకు రావు. పదకొండేళ్లు అలాగే నడిచింది.

ఈ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. నేను విత్తిన వారానికే వాగు నిండింది. అవతలి ఒడ్డున తుమ్మ చెట్లు దట్టం, చేను కనిపించదు.

"అన్నా, అటు ఏం ఏసినవ్?" అని అడిగాను.

"సోయాబీన్ ఏసిన. నీ మక్కకేం గాదు తియ్."

నేను ఇంకేమీ అడగలేదు. వ్యవసాయ డిప్లొమా చదివే నా కూతురు ప్రతీక్ష మాత్రం ఊరుకోలేదు.

"అమ్మా, మామ మక్క విత్తనం సంచి కొంటుంటె జూసిన. ఇంకోసారి అడుగరాదు?"

"నీ మామ నాకు అబద్ధం చెప్తడా?" అని కసిరాను. ఆ పూటంతా దానితో మాట్లాడలేదు.

రాఖీ పున్నానికి మా మక్క పుప్పొడి రాల్చే జల్లు వేసింది. అన్న ఇంటికి వెళ్లి రాఖీ కట్టి పేడా తినిపించాను. నా నెత్తి మీద చేయి పెట్టి, "నీ తెల్ల మక్క ఎట్లున్నదే?" అన్నాడు. మంచిగుందని మురిసిపోతూ చెప్పాను.

దసరా దాటాక కంకులు విరిచాం. మొదటి కంకి పొరలు ఒలిచాను. తెల్ల గింజల మధ్య పసుపు గింజలు, గార పట్టిన పళ్లలా. ఇంకోటి ఒలిచాను. ఇంకోటి. వాగు ఒడ్డు సాళ్లలో సగానికి సగం పసుపే. చీర ఎగ్గట్టి వాగు దాటాను. రెండెకరాల నిండా ఎండిన మక్క నిలబడి ఉంది. అన్న గట్టు మీదే ఉన్నాడు.

"వానలు ఎనుకవడ్డయి. ఇరవై దినాలు ఆగుతె పంట చేతికి రాకపోవు" అన్నాడు. "నువ్వు ఒప్పుకోవని చెప్పలే."

"చెప్తె కంకి కంకికి కాయితం సంచి కట్టుకుంటుంటి గదన్నా. మా పుప్పొడి నా చేత్తోనే చల్లుకుంటుంటి. మక్క ఏసినందుకు గాదు నా బాధ. రాఖీ కట్టిన చెల్లెకు అబద్ధం చెప్పినవ్."



ఇంటికొచ్చి ఏడ్చాను. ప్రతీక్ష నన్ను దెప్పలేదు, పక్కన కూర్చుని మక్క పుట్టుక చెప్పింది. తొమ్మిది వేల ఏళ్ల కింద మెక్సికో దేశంలో అది ఒక గడ్డి. వేలెడంత కంకి, పది గింజలు, ఒక్కోదానికి రాయిలాంటి పెంకు. పండితే రాలి తనంతట తనే మొలిచేది. అక్కడి జనం పెంకు లేనివి, రాలనివి, పెద్దవి ఏరి ఏరి విత్తారు. ఇప్పుడు గింజ రాలదు, కంకి పొరలు విప్పుకోదు. మనిషి ఒలిచి విత్తకపోతే దానికి వంశమే లేదు.

"మనిషిని గంతగనం నమ్మిందా?" అన్నాను.

"నమ్మింది. మనం గూడ ఏరుదాం. పసుపు కలిస్తె పైకే కనవడ్తది. తెల్లగున్న గింజ మనదే అమ్మా."

నాలుగో రోజు పొద్దున ప్రతీక్ష గింజలు ఒలిచి పోస్తుంటే నేను చాటలో ఏరడం మొదలుపెట్టాను. కాసేపటికే అన్న వచ్చాడు. ఒక చాట తీసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా తల ఎత్తకుండా ఏరాడు. లేచేసరికి ఆయన ముందు నా కుప్పంత కుప్ప ఉంది.

"ఒక్కటి గూడ తప్పు పోలే. జూస్కో" అని వెళ్లిపోయాడు.

చూసుకున్నాను. గుప్పెడు గుప్పెడుగా పరిచి, తిరగేసి చూశాను. ఒక్క పసుపు గింజ లేదు. రెండు కుప్పలూ కలిస్తే వచ్చే ఏడు ఎకరం విత్తొచ్చు. ఒక్కటే అయితే అరెకరమే. ప్రతీక్ష డబ్బా మూత తీసి పట్టుకుంది. అన్న కుప్పలో చేయి పెట్టాను, 'నీ మక్కకేం గాదు తియ్' అన్నది గుర్తొచ్చి ఎత్తి పోయడానికి మనసు రాలేదు.

నేను ఏరినవే డబ్బాలో పోశాను. అన్న ఏరినవి పిండి పట్టించడానికి గిర్నీకి పంపాను.