సక్కరొచ్చిన పిల్ల

నా బిడ్డ అఖిలకు షుగర్ లేదు. ఎన్నడూ లేదు. ఈ మాట ముందే చెప్పి పెట్టడం మంచిది. ఎందుకంటే బోధన్ బస్టాండు దగ్గర మా చెరుకు రసం బండి ముందు ఆగేవాళ్లలో కొందరు ఇప్పటికీ నన్ను చూసి జాలిపడుతుంటారు. జాలి నాకు పడదు. రసం తాగి, మూతి తుడుచుకుని, మీ దారిన మీరు పోతే నాకు అదే సంతోషం.

వానలు తగ్గిన రోజుల్లో కాలువ అవతలి ఊళ్లో ఒక పిల్లవాడికి కంఠసర్పి వచ్చింది. గొంతులో పొర కట్టింది, మెడ వాచింది, ఊపిరి ఆడలేదు. వాణ్ని నిజామాబాద్‌కు తీసుకుపోయారు. బతికాడు గానీ, వాళ్లమ్మ సగం చచ్చి బతికింది. దగ్గితే తుమ్మితే ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రోగం అది. అందుకని చుట్టుపక్కల బడులకు సిస్టర్లను పంపారు. పదో తరగతి పిల్లలకు ఎట్లాగూ వెయ్యాల్సిన సూదే, కాస్త ముందుగా వేస్తామన్నారు.

అఖిల పదో తరగతి. ఆ రోజు శనివారం. లెక్కల పరీక్ష గట్టెక్కాలని నా బిడ్డ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. చదివితే గట్టెక్కుతుంది గదా అని నేనంటే, "సదువుతున్న, ఒక్కపొద్దు గూడ ఉంటున్న. ఏది పనిజేస్తదో ఎవలకెరుక?" అంటుంది. ఆ ఖాళీ కడుపుతోనే వరుసలో నిలబడింది. తన వంతు వచ్చి కుర్చీలో కూర్చుంది. "సిస్టర్, సక్కరొస్తుంది" అని ఒక్క మాట అని, పక్కకు ఒరిగి కింద పడిపోయింది.

మా దిక్కు సక్కరొచ్చుడు అంటే కళ్లు తిరగడం. తల గిర్రుమని, నేల పైకి లేచి వచ్చినట్టు అవుతుంది చూడండి, అది. ఉర్దూ నుంచి వచ్చిన మాట అంటారు. ఎక్కడి నుంచి వస్తేనేం, మా అమ్మ అన్నది, నేనంటాను, నా బిడ్డ అంటుంది.

వరుసలో అఖిల వెనక లాస్య ఉంది. ఇద్దరూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. లాస్య వాళ్లది క్యాంపు, అంటే వలస వచ్చిన రైతుల ఊరు. కాలువ నీళ్ల కింద భూములు కొనుక్కుని వాళ్ల పెద్దలు గోదావరి జిల్లా నుంచి వచ్చారు. వాళ్ల తాత జగ్గారావు గారు మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చి, సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకు చెవి కొంచెం మందం. పైగా చాలా ఏళ్ల నుంచి షుగర్. దాన్ని ఆయన షుగర్ అనడు, చక్కెర అంటాడు. "జీవితమంతా చెరుకు పండించానమ్మా, చివరికి చక్కెర వచ్చి నా ఒంట్లోనే కూర్చుంది" అని తనే చెప్పి తనే నవ్వుతాడు. అట్లాంటి మనిషి చెవిలో పడింది ఆ మాట. లాస్యను చెయ్యి పట్టుకుని వరుసలో నుంచి లాక్కుపోయాడు. క్యాంపు పిల్లలంతా ఆ వెనకే పోయారు.

మర్నాడు ఆయన మా బండి దగ్గరికి వచ్చాడు. నేను గ్లాసులు కడగడానికి కుళాయి దగ్గరికి పోయాను, ఈ మాటలన్నీ తర్వాత మా ఆయన చెప్పినవే. మా ఆయన నరేందర్ చెరుకు గడలు మిషన్‌లో పెడుతున్నాడు.

"ఏవయ్యా నరేందరూ, మీ అమ్మాయికి చక్కెర వచ్చిందటగా?"

"అవు సారూ, వచ్చింది. సూది దగ్గరనే వచ్చింది."

"ఇంత చిన్న పిల్లకా? ఇప్పుడెలా ఉంది మరి?"

"ఇప్పుడేం లేదు. జరసేపు పండుకున్నది, పోయింది."

"పోయిందా?" జగ్గారావు గారు నోరు తెరిచాడు. "కాసేపు పడుకుంటే పోయిందా? నాకు ఇన్నేళ్ల నుంచి మందులు మింగినా పోవడం లేదయ్యా."

"మీరు పొద్దుగాల్ల మంచిగ తినుండ్రి సారూ, పోతది" అన్నాడు మా ఆయన, ఎంతో మర్యాదగా. పైగా ఒక గ్లాసు రసం అందించాడు. ఆ ముసలాయన పామును చూసినట్టు వెనక్కు జరిగాడు.

మా ఆయన మంచివాడు. మంచివాళ్లతో వచ్చే చిక్కే ఇది, ఏం అడిగినా అవునంటారు. సాయంత్రానికి క్యాంపు అంతా పాకింది: సూది వేస్తే ఆడపిల్లకు చక్కెర వచ్చిందట, కన్న తండ్రే ఒప్పుకున్నాడట.

నాకు సంగతి తెలిసింది లాస్య వాళ్లమ్మ నాగకుమారి వల్ల. ఆమె సంచీ నిండా కాకరకాయలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"బాధపడకు వదినా. పొద్దున్నే వీటి రసం పట్టు. అన్నం తగ్గించు. మా మామయ్య గారు ఎన్నేళ్లుగా నెట్టుకొస్తున్నారు చూడు."

"ఎవలకక్కా?"

"అఖిలకి. చక్కెర వచ్చిందిగా."

నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక ముందు నవ్వు వచ్చింది, తర్వాత మండింది. "అక్కా, సక్కరంటే షుగర్ గాదు. మీరు కండ్లు తిరిగినయి అంటరు సూడు, గది" అన్నాను. ఆమె కాకరకాయల వైపు, నా వైపు చూసి తలపట్టుకుంది. తర్వాత ఇద్దరం కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. ఆ కాకరకాయలు వేయించుకుని తిన్నాం. బాగున్నాయి.

కానీ నవ్వితే తీరే పని కాదు. ఇంటికి పోయి ఆమె చెప్పినా జగ్గారావు గారు వినలేదు. చక్కెర కాకపోతే మానె, పిల్ల పడిపోయిన మాట నిజమే కదా అన్నాడట. సూది వేయించుకున్న పిల్లల్లో కొందరికి ఒళ్లు వెచ్చబడింది, చేతులు నొప్పి పుట్టాయి, అది మాత్రం అబద్ధమా అన్నాడట. మా ఇంట్లో పాడి ఉంది, పాలు నెయ్యి తిన్న ఒళ్లు, మాకేం రోగం వస్తుంది అన్నాడట. క్యాంపులో ఆయన మాట దాటి ఎవరూ అడుగు వెయ్యరు. సిస్టర్ మళ్లీ బుధవారం వస్తుంది, ఆ తర్వాత వేరే మండలానికి పోతుంది. ఇంతలో కాలువ అవతల ఇంకో పిల్లకు అదే కంఠసర్పి పట్టిందని తెలిసింది. ఆ పిల్ల లాస్య వెళ్లే ట్యూషన్‌కే వస్తుంది.

ఆ మాట విన్న దగ్గర నుంచి అఖిల సరిగ్గా అన్నం తినలేదు. చివరికి నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, తాతతోని నేను మాట్లాడుత."

"నువ్వేం మాట్లాడుతవే? నీ పేరు జెప్పుకునే గదా గింత లొల్లి."

"అందుకే నేనే మాట్లాడాలె."

మంగళవారం పొద్దున ఇద్దరం క్యాంపుకు పోయాం. జగ్గారావు గారి అరుగు మీద నలుగురు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. అఖిలను చూసి సర్దుకుని కూర్చున్నారు. అరుగు కింద భీముడు పడుకుని ఉన్నాడు. భీముడు ఆయన కుక్క. వాడి పొట్ట మీద పొడుగ్గా పాత కుట్ల గుర్తు ఉంటుంది. చెరుకు తోటలో అడవి పందిని ఎదిరించిన కుక్క అని ఆయన ఎవరు వచ్చినా ఆ పొట్ట చూపించందే టీ ఇవ్వడు.

అఖిల నేల మీద కూర్చుని కుక్క తల నిమిరింది.

"తాతా, పంది ఇంక తోటల అడుగు పెట్టకముందే భీమునికి ఎట్ల తెలుస్తది?"

ఇంకేం, ఆయన ముఖం విప్పారింది. "వాసనమ్మా. మొదటిసారి వీడికి తెలియలేదు. ఎదురెళ్లాడు, పంది పొట్ట చీల్చేసింది. చచ్చి బతికాడు. ఆ తర్వాత చూడు, కాలువ గట్టు మీద ఉండగానే పసిగడతాడు."

"గా మొదటిసారే సచ్చిపోయుంటే?"

ఆయన వంగి కుక్క పొట్ట మీది కుట్ల వైపు చూశాడు.

"మన ఒంట్ల గూడ గిట్లాంటి కావలి ఉంటది తాతా. తెల్ల రక్తకణాలు. ఒళ్లంత తిరుగుతనే ఉంటయి. కొత్త రోగమొస్తే దాన్ని గుర్తువట్టి, దానికి సరిపోయే మందును అవే తయారుజేస్తయి. కని మొదటిసారి గుర్తువట్టేటందుకు టైం వడతది. కంఠసర్పి గంత టైం ఇయ్యది. ఒక్కసారి గుర్తువడితే మాత్రం మర్చిపోవు, రెండోసారి వచ్చినప్పుడు గట్టు మీదనే ఆపుతయి. సూదిల పంది లేదు తాతా. పంది వాసనే ఉంది. గా క్రిమి ఇడిచే ఇషం ఉంటది గదా, దాన్ని పనిజెయ్యకుంట జేసి, మన కావలికి సూపిస్తరు. పొట్ట చీల్చుకోకుంటనే వాసన నేర్సుకుంటది."

నా బిడ్డ ఇంత మాట్లాడగలదని నాకు ఆ రోజే తెలిసింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

"చిన్నప్పుడు వేయించాం కదా" అన్నాడు లాస్య తండ్రి సతీష్‌బాబు, తలుపు దగ్గర నుంచి.

"శానేండ్లు పంది రాకపోతే కుక్క గూడ వాసన మర్చిపోతది మామా. మల్లొకసారి గుర్తుజెయ్యాలె."

"మరి ఆ జ్వరాలో?" జగ్గారావు గారు ఓడిపోదలచుకోలేదు.

"కుక్క మొరిగితే మనకు నిద్ర చెడుతది. అయితే కుక్క పనిజేస్తున్నట్టే గదా తాతా? గా జరం గట్లాంటిదే."

"పాలు, నెయ్యి?"

"భీమునికి గూడ పాలు పోస్తరు గదా. బలం వస్తది. వాసన రాదు."

అరుగు మీద ఒకాయన నవ్వాడు. జగ్గారావు గారు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ తన ఆఖరి మాట అన్నాడు. "అంతా బాగానే చెప్పావమ్మా. కానీ సూది వేస్తే నువ్వు పడిపోయావు. నేను కళ్లారా చూశాను."

అఖిల తల వంచుకుంది. కుక్క చెవి పట్టుకుని నలుపుతూ కూర్చుంది. నాకు కోపం ముంచుకొచ్చింది, పిల్లను ఇంకా ఎంత అడుగుతాడు ఈయన అని. నోరు తెరవబోయాను. అంతలో అదే తల ఎత్తింది.

"సూది నాకు ఏయనే లేదు తాతా."

నేను ఉలిక్కిపడ్డాను. నాకు కూడా వేశారనే చెప్పింది.

"సిస్టర్ సూది చేతికి తీసుకున్నది. ముట్టియ్యకముందే నాకు సక్కరొచ్చి పడ్డ. భయమైంది. పొద్దుగాల ఏం తినలే గూడ. లేసినంక సిస్టర్, మల్లొచ్చినప్పుడు ఏస్త అన్నది. డాక్టర్ సదువుత అని అందరికీ జెప్పుకుంట గదా. సూదిని జూసి పడ్డ అని ఎట్ల జెప్పాలె? అందుకే ఇంట్ల గూడ జెప్పలే."

డాక్టరవుతానని మా వాడకట్టులో ప్రతి గడపకూ చెప్పిన పిల్ల అది. ఆ మాట అంతమంది మగవాళ్ల ముందు చెప్పుకోవడానికి దానికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. లాస్య కోసం చెప్పింది. అబద్ధం చెప్పినందుకు దాన్ని తిట్టాలని నాకు అనిపించనేలేదు. ఈ పిల్లను నేనే కన్నానని గట్టిగా చెప్పాలనిపించింది.

జగ్గారావు గారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "రేపు వేయించుకుంటావా మరి?"

"ఫస్ట్ నేనే తాతా."

"అయితే రెండోది మా లాస్య" అని ఆయన లోపలికి తిరిగి కోడలిని టీ పెట్టమన్నాడు. టీ వచ్చేలోగా భీముడి పొట్ట చూపించనే చూపించాడు.

బుధవారం నేను దగ్గర కూర్చుని అఖిలకు జొన్నరొట్టె తినిపించి పంపాను. పంపాను అంటున్నాను గానీ, బండి మా ఆయనకు వదిలేసి నేనూ వెనకే పోయాను. క్యాంపు పిల్లలందరూ వచ్చారు. సిస్టర్ అఖిలను బెంచీ మీద పడుకోబెట్టింది. సూది చూడగానే పిల్ల ముఖం పాలిపోయింది.

"సిస్టర్, మల్ల సక్కర..." అంది సన్నగా.

నేను లేచేలోపే జగ్గారావు గారు వచ్చి దాని రెండో చెయ్యి పట్టుకున్నాడు. "సక్కరొస్తే రానీ తల్లీ. నావైపు చూడు. నేనున్నాగా" అన్నాడు. ఇన్నేళ్లు ఇక్కడ బతికి, ఆ మాటను మా అర్థంలో ఆయన అనడం అదే మొదలు. అఖిల కళ్లు మూసుకోలేదు. సూది దిగడం, మందు పోవడం, సిస్టర్ దూది అద్దడం అన్నీ చూసింది. లేచి నిలబడింది. లాస్యకు కుర్చీ చూపించింది.

మర్నాడు పొద్దున బండి తెరుస్తుంటే ఆయన స్కూటర్ వచ్చి ఆగింది. చేతిలో చెరుకు గడ అట్లాగే వదిలేసి ఎదురుపోయాను.

"ఏమైంది సారూ? లాస్య మంచిగున్నదా?"

"రాత్రి కాస్త ఒళ్లు వెచ్చబడిందమ్మా. మా కోడలు కంగారుపడింది. నేనే చెప్పాను, ఏం భయం లేదు, కుక్క మొరుగుతోంది, మొరగనీ అని." ఆయన ముఖంలో ఎంత గర్వమంటే, ఆ కుక్కను తనే పెంచినట్టు ఉన్నాడు. "మీ అమ్మాయి ఎలా ఉంది?"

"గామెకు గూడ జర వెచ్చగనే ఉన్నది సారూ. ఉప్మా తిని లెక్కలు జేసుకుంటున్నది."

"డాక్టరమ్మని అడిగానని చెప్పు" అన్నాడు జగ్గారావు గారు.

చెప్పాను. ఆ ఒక్క పొద్దే నాలుగుసార్లు చెప్పాను.