పచ్చబొమ్మ వెలిగాక

మే తొమ్మిదో తేదీ. ఆ పొద్దున రాత్రంతా పులిసిన తరవాణి అన్నంలో కొత్త మాగాయ నంజుకుని తిన్నాను. నా భార్య సత్యశ్రీ పోయాక తరవాణి కుండ పెట్టడం చేతనవడానికి నాకు రెండు వేసవులు పట్టింది. పులుపు కుదిరిందన్న తృప్తితో కంచం కడుగుతుంటే కింద రోడ్డు మీద బ్రేకు కీచుమంది.

బాల్కనీలోకి వచ్చి చూశాను. జీబ్రా గీతల మధ్యలో మరిడమ్మ నిలబడి ఉంది. తట్ట దూరంగా బోర్లా పడింది. చేపలు తారు మీద చెదిరి ఉన్నాయి. తట్టను గుద్దిన మోటార్ సైకిల్ అప్పటికే మలుపు తిరిగింది. ఒక ఆటో అతను మాత్రం బండిని అడ్డంగా పెట్టి, ఆమె చేపలన్నీ ఏరుకునేదాకా కదల్లేదు. వెనక హారన్లు మోగుతుంటే వినపడనట్టు బీడీ ముట్టించుకున్నాడు.

మరిడమ్మ రోజూ గోదావరి రేవు నుంచి చేపలు తెచ్చి మా వీధిలో అమ్ముతుంది. భర్త వలేసేవాడు. నిరుడు పోయాడు. రేవు నుంచి మా వీధికి రావాలంటే ఈ రోడ్డు దాటాలి. దాటేవాళ్ళ కోసం ఈ ఏడాదే సిగ్నల్ పెట్టారు. పచ్చబొమ్మ వెలుగుతుంది, పక్కన ఇరవై అయిదు నుంచి అంకెలు తగ్గుతూ వస్తాయి. సున్నా అయ్యేలోగా అవతలికి చేరాలి. మోకాళ్ళ నొప్పులతో నేనే దాటగలుగుతున్నాను. నాకంటే పదేళ్ళు చిన్నదైన మరిడమ్మ మాత్రం రోజూ సున్నా పడేసరికి రోడ్డు మధ్యలోనే ఉంటుంది. ఈసారి తట్ట పడింది. ఇలాగే జరిగితే ఇంకోసారి మనిషే పడుతుంది.

కిందికి దిగి, చూసుకుని రావద్దా అని అడిగాను.

"పచ్చబొమ్మ ఎలిగాకే దిగానండి. సగం దాటేసరికి అయిపోతందండి. సరిపోట్లేదు నాకు" అంది, గెండి చేప మొప్పలోంచి ఇసుక తుడుస్తూ.

ఆ మాట నాలో అనుమానం నాటింది. మా మేడ కింద సిగ్నల్ తాలూకు ఇనుప పెట్టె ఉంది. దాని చిన్న తలుపు తాళంచెవి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉదయ్‌కుమార్ దగ్గర ఉంటుంది. అవతల పక్క ఫంక్షన్ హాలుంది. దాని మేనేజరు అనిల్ కుమార్ రోజూ ఉదయ్‌కుమార్‌కు కూల్‌డ్రింక్ పంపడం నేను చూశాను. పెళ్ళి కార్లు తొందరగా కదలాలంటే నడిచేవాళ్ళ టైము కోసెయ్యడమే సులువు. ఉదయ్‌కుమార్ రోజూ పొద్దున్నే అటూ ఇటూ చూసి ఆ పెట్టె తెరుస్తాడు, లోపల చెయ్యిపెట్టి ఏదో చేస్తాడు, దడాలున మూస్తాడు. అతను అలా అటూ ఇటూ ఎందుకు చూడాలి?

మర్నాటి నుంచి చేతి గడియారంతో బాల్కనీలో కూర్చున్నాను. ఎన్నిసార్లు చూసినా ఇరవై అయిదే. నా అనుమానం తగ్గలేదు, పెరిగింది. మరిడమ్మ వచ్చే వేళకే తగ్గిస్తున్నాడేమో అనుకున్నాను. నేను చూస్తున్నానని తెలిసి మానేశాడేమో అని కూడా అనుకున్నాను. పెట్టె పక్కన పూలమ్మే రత్తమ్మను అడిగితే, ఆవిడ మల్లెల మీద నీళ్ళు చల్లుతూ, ఆ బాబు నా జోలికి రాడు, నేను ఆ బాబు జోలికి పోను అని తేల్చేసింది.

చివరికి ఉదయ్‌కుమారే తలెత్తి పలకరించాడు.

"ఏంటి మాస్టారూ, నాలుగు రోజుల్నించి నన్నే చూస్తన్నారు. నాకు పెళ్ళైపోయిందండి, మీరు సంబంధం చూడక్కర్లేదు."

నవ్వి లోపలికి వచ్చేశాను కానీ, తప్పు చేసినవాడే అంత సరదాగా మాట్లాడతాడనిపించింది.

అవతల పక్క నుంచి చూస్తే తెలుస్తుందని ఒకరోజు ముందే రోడ్డు దాటి, బస్ షెల్టర్‌లో నిలబడ్డాను. మరిడమ్మ తట్టతో వచ్చింది. పచ్చబొమ్మ వెలిగింది. ఇరవై అయిదు. మా పక్క ఆటోలు దిగిన పెళ్ళివాళ్ళు, పట్టుచీరలు, పసుపు సంచులతో ఫంక్షన్ హాలుకేసి దాటుతున్నారు. మరిడమ్మ కదల్లేదు. స్తంభం వెనక్కి జరిగి, మొహం గోడవైపు తిప్పుకుంది. ఎవరి నుంచి దాక్కుంటోంది? పెళ్ళివాళ్ళలో చివరి మనిషి ఇటు చేరాక, అంకె తొమ్మిదికి వచ్చాక, అప్పుడు దిగబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎవరికి భయపడుతున్నావు మరిడమ్మా?"

ఎర్రబొమ్మ వచ్చింది, బస్సులు కదిలాయి.

"శుభానికి ఎల్తన్నోళ్ళకి నేను ఎదురెల్లకూడదు కదండీ. మా ఆయన పోయిన కొత్తలో తెలీక దాటేశాను. ఒకావిడ నన్ను చూసి నడిరోడ్డు మీద ఎనక్కి తిరిగిపోయిందండి, పెళ్ళికూతురి చెయ్యట్టుకుని. ఆ పిల్ల మొహం మర్చిపోలేకపోతన్నాను. ఆళ్ళు దాటేశాక ఎల్తే ఎవరికీ బాధ లేదు."

మొన్ననే మా పక్కింటి లక్ష్మిగారు, కొడుకు ఇంటర్వ్యూకు వెళ్తుంటే నన్ను పిలిచి మరీ ఎదురు రమ్మన్నారు. నేనూ భార్య పోయినవాడినేనని ఆవిడకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

నేను ముందు నడుస్తాను, నా వెనకే రా, ఎదురయ్యేది నేనే అవుతాను అన్నాను. ఎందుకండీ మీకు అన్నట్టు చూసింది కానీ, వచ్చింది. మేం ఇవతలికి చేరేసరికి ఇంకా అంకెలు మిగిలే ఉన్నాయి.

కొన్నాళ్ళు అలా సాగింది. ఒక పొద్దున రత్తమ్మ మూర కొలుస్తూ, తలెత్తకుండానే అంది.

"ఏంటి మాస్టారూ, చేపలు ఈదిలోకి వచ్చేదాకా కూడా ఆగలేకపోతన్నారా?"

పూలు కొనేవాళ్ళు నవ్వారు. నా వెనకే ఉన్న మరిడమ్మ గబగబా వీధిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు మరిడమ్మ రాలేదు. ఆ తర్వాతి రోజు ఆలస్యంగా, వీధి ఆ చివర నుంచి వచ్చింది. సిగ్నలే లేని పెద్ద మలుపు దగ్గర, ఇసుక లారీల మధ్య దాటి వస్తోందట. నేను చేసిన సాయం ఆమెను అంతకంటే ప్రమాదంలోకి తోసింది.

ఇక అడగడానికి మిగిలింది ఒక్కడే. కిందికి దిగి, నేను అనుమానించిన ఉదయ్‌కుమార్‌కే అంతా చెప్పాను. అనుమానం సంగతి కూడా దాచలేదు. అతను విని, అటూ ఇటూ చూసి, ఇనుప పెట్టె తలుపు తెరిచాడు. వైర్ల పక్కన స్టీలు క్యారియర్ ఉంది.

"మా ఆవిడ కట్టిన అన్నవండి. ఇక్కడైతే కుక్కలు లాగవు, మధ్యాహ్నానికి వెచ్చగా కూడా ఉంటది. పైవాళ్ళు చూస్తే ఊరుకోరు" అన్నాడు. తర్వాత కొంచెం ఆలోచించి, "ఆవిణ్ణి ఇటే రమ్మనండి. నేను ముందు నడుస్తాను. ఖాకీ ఎదురొస్తే ఎవరికీ శకునాలు గుర్తుండవండి, లైసెన్సు గుర్తొస్తది" అన్నాడు.

అన్నట్టే నడిచాడు. చేతిలో లాఠీ పక్కకు చాపి, ఎదురయ్యేవాళ్ళను ఒక వారకు జరుపుతూ వస్తుంటే, వెనక మరిడమ్మ. రత్తమ్మ ఆ జోడీ మీద ఏ మాటా అనలేదు.

జూన్ మొదట్లో ఒక పెద్ద ముహూర్తం రోజు. బాల్కనీలోంచి చూస్తున్నాను. ఉదయ్‌కుమార్ దూరంగా ఒక ఆగిపోయిన బస్సును నెట్టిస్తున్నాడు. పచ్చబొమ్మ వెలిగింది. ఇవతల నుంచి పెళ్ళివాళ్ళు దిగారు. అవతల మరిడమ్మ అతని కోసం చూసింది. లేడు. స్తంభం వైపు ఒక అడుగు వెనక్కి వేసింది. నేను పిట్టగోడ గట్టిగా పట్టుకున్నాను.

ఆమె తట్ట సర్దుకుంది. ఇరవై మూడు దగ్గర గీతల మీదికి దిగింది.

నడిమధ్యలో ఒక ముసలావిడ ఆగిపోయింది. మరిడమ్మ ఆగలేదు. ముసలావిడ ఆమెను చూసి, తల ఎత్తి అంకెను చూసి, మనవడి చెయ్యి పట్టుకుని గబగబా ముందుకే వెళ్ళిపోయింది. వెనక్కి ఎవరూ తిరగలేదు. మరిడమ్మ మా మేడ కిందికి వచ్చి తట్ట దించినప్పుడు ఇంకా పచ్చగానే ఉంది. పైకి చూసి, "మాస్టారూ, గెండి ఉందండి, దిగుతారా" అని కేకేసింది.

అనుమానం అలవాటైతే తొందరగా వదలదు. ఆ సాయంత్రం ఉదయ్‌కుమార్ మళ్ళీ పెట్టె దగ్గరికి వస్తే వంగి చూశాను. రాత్రికని సిగ్నల్‌ను పసుపు మిణుకు మీద పెట్టాడు. ఖాళీ క్యారియర్ తీసుకున్నాడు. పెట్టెకు ఆనుకుని రత్తమ్మ, ఒడిలో మిగిలిన మల్లెలతో కునుకు తీస్తోంది. రోజూ దడాలుమనే ఆ తలుపును అతను రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా మూశాడు.