రాతి కమానుల పక్కన సిమెంటు గది

ఆ భవనాన్ని చూసిన మొదటి రోజే కిరణ్మయి మనసు పారేసుకుంది. ఎడమవైపు చూసేసరికి మాత్రం ఒళ్ళు మండింది. నూరేళ్ళు దాటిన రాతి కట్టడం, మధ్యలో గోపురం, రెండు పక్కలా అచ్చంగా ఒకే తీరు కమానులు. ఎడమ కమానుల్ని సగం మింగేసి ఒక సిమెంటు గది, పట్టుచీరకు గోనెపట్టా అతుకు వేసినట్టు. అది ఆడవాళ్ళ మరుగుదొడ్డి.

భవనాన్ని తొలినాటి రూపానికి తెచ్చే పని విశ్వవిద్యాలయం ఆమెకు ఇచ్చింది. సొంత ఆఫీసు తెరిచాక దొరికిన మొదటి పెద్ద పని. ఇది చేజారితే మళ్ళీ ఊరి చివర బెళ్ళందూరులో అపార్ట్‌మెంట్లకు వంటిళ్ళు గీసుకోవాల్సిందే. ప్లానులో ఆ గది మీద ఎర్రగీత కొట్టేసింది.

ప్లానును ఖాయం చేసే కమిటీ సమావేశానికి ముందు, దాన్ని చూడడానికి ప్రేమకుమారి వచ్చింది. అక్కడే చదివి, అక్కడే కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా రిటైరైన మనిషి. ఎర్రగీత మీద వేలు పెట్టింది.

"దీన్ని కొట్టేస్తుండారా?"

"అది ఒరిజినల్ కాదు మేడమ్, తర్వాత కట్టింది."

"మేమే కట్టిపిస్తిమి మా. మేము చదివేటప్పుడు ఆడోళ్ళకి ఏమీ లేకుండె. పొద్దున కాఫీ తాగితే మళ్ళా ఇల్లు చేరేదాకా నీళ్ళు ముట్టేది లేదు. నా జత చదివే పిల్ల ల్యాబులోనే కండ్లు తిరిగి పడె. వాళ్ళ నాయన చదువు మాన్పించేసె. ఆ పిల్లకంటే నాకు మార్కులు తక్కువే. ఆ పొద్దు మేమందరం పోయి ప్రిన్సిపాల్ రూము ముందర కూర్చుంటిమి."

కిరణ్మయికి సిగ్గేసింది. కొలతలు తీసిన ఇన్నాళ్ళూ తాను వెళ్ళింది ఆ గదికే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. పాత ప్లాను మళ్ళీ తీసి చూసింది. గుర్రబ్బండి ఆగడానికి కూడా చోటు గీసిన మహానుభావులకు ఆడపిల్ల వస్తుందన్న ఊహే లేదు.

సమావేశంలో ఎర్రగీత లేని ప్లాను చూసి కమిటీ అధ్యక్షుడు మునీంద్ర మొహం చిట్లించాడు.

"రెండు పక్కలా ఒకేలా ఉండాలమ్మా. ఆడపిల్లలకు కొత్త బ్లాకు ఉంది కదా, రోడ్డు దాటితే చాలు."

"తొలినాటి రూపమంటే ఆడపిల్లలు లేని రూపం సార్. అది నేను చేయలేను."

"ఇంకొకరు చేస్తారు."

పని పోయిందని ఆమెకు అర్థమైంది. బాధేసింది కూడా. కాగితాలు చుట్టుకుంటూ అంది.

"చేయనివ్వండి సార్. కూల్చే ముందు మాత్రం తలుపు కొట్టి చూడమనండి. లోపల ఎవరో ఒకరుంటారు."